ఆపద వేళ బైకు మీద అదుపు: అసలు రోడ్డు మీద సాధన ఎలా చేయాలి

అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ నాయకత్వాన పనిచేసిన పరిశోధకులు సుమారు 900 మోటారు సైకిల్ ప్రమాదాలను, అవి జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో ఒక నివేదిక వెలువరించారు. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి నడిపేవారికి సాధారణంగా దొరికిన వ్యవధి 2 సెకన్ల లోపేనని అందులో తేలింది. ఆ కాస్త వ్యవధిలో చాలామంది వెనుక బ్రేకును అతిగా తొక్కి చక్రాన్ని జారనిచ్చారు, ముందు బ్రేకును చాలినంతగా వాడుకోలేదు. హ్యాండిల్‌ను నెట్టి పక్కకు తప్పుకునే నేర్పయితే దాదాపు ఎవరిలోనూ కనిపించలేదు. అప్పటికీ ఇప్పటికీ బ్రేకులు, టైర్లు ఎంతో మెరుగుపడ్డాయి గాని, నడిపే మనిషి చేతులూ భయమూ మాత్రం మారలేదు.

ఆపద వేళ చేయి కొత్త పని ఏదీ చేయదు. రోజూ చేసే పనినే ఇంకొంత గట్టిగా చేస్తుంది. రోజూ వెనుక బ్రేకు ఒక్కదానితోనే బండి ఆపే మనిషి ఆపదలోనూ దాన్నే తొక్కుతాడు. కాబట్టి రోడ్డు మీద సాధన అంటే వాహనాల మధ్య ప్రమాదాన్ని కోరి తెచ్చుకుని దాని నుంచి బయటపడటం కాదు. పూర్తి బలంతో చేయవలసిన పనులను వాహనాలు లేని చోట నేర్చుకోవాలి. ఆ తర్వాత అవే పనులను అదే వరుసలో, తక్కువ బలంతో, రోజువారీ ప్రయాణంలో ప్రతిసారీ చేయాలి. మొదటి భాగాన్ని చాలామంది ఒకటి రెండు సార్లు చేసి వదిలేస్తారు, రెండో దాన్ని సాధనగానే లెక్కించరు. నిజానికి ప్రాణం కాపాడేది ఎక్కువగా ఆ రెండోదే.

బయలుదేరే ముందు

సాధనకు వెళ్లే రోజున బండిని మామూలు కంటే శ్రద్ధగా చూడాలి. టైర్లలో గాలిని, బండి నడపక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. గాలి తక్కువైతే హ్యాండిల్ బరువెక్కి బండి ఆలస్యంగా స్పందిస్తుంది, ఎక్కువైతే పట్టు తగ్గుతుంది. ముందు బ్రేకు లివర్‌ను నొక్కినప్పుడు మెత్తగా స్పాంజిలా అనిపిస్తే అందులో గాలి చేరి ఉండవచ్చు; అది బాగు చేయించేంత వరకు సాధన మాట ఎత్తకూడదు. చాలా బండ్లలో లివర్ వంపును, కొన్నింటిలో వేళ్లకూ లివర్‌కూ మధ్య దూరాన్ని సవరించుకోవచ్చు. సీటు మీద మామూలుగా కూర్చుని చేయి చాపినప్పుడు మోచేతి నుంచి వేళ్ల చివరి వరకు ఒకే గీతలో ఉండేలా లివర్‌ను బిగించుకోవాలి. మణికట్టును పైకి విరిచి లివర్ అందుకోవలసి వస్తే ప్రతిసారీ కొంత సమయం వృథా అవుతుంది, పైగా నొక్కేటప్పుడు యాక్సిలరేటర్ తెలియకుండానే తిరుగుతుంది.

హెల్మెట్, గ్లవ్స్, చీలమండను కప్పే బూట్లు, మందపాటి జాకెట్, ప్యాంటు తప్పనిసరి. సాధనలో పడిపోవడం తక్కువ వేగంలోనే జరుగుతుంది గాని, మనిషి పడేటప్పుడు ముందుగా నేలకు ఆనేది అరచేయి. వెనుక ఎవరినీ ఎక్కించుకోకూడదు, సామాను కట్టకూడదు. అలసటతో ఉన్న రోజున వెళ్లకపోవడమే మంచిది.

ఖాళీ స్థలంలో బ్రేకు

మొదట కావలసింది కంకర, ఇసుక, నూనె మరకలు లేని చదునైన ఖాళీ స్థలం. బ్రేకు వేయవలసిన చోటును సుద్దతో గీసిన గీతతో గుర్తు పెట్టుకోవాలి. రాళ్లనూ ఇటుకలనూ గుర్తులుగా పెడితే అవే ప్రమాదాలవుతాయి. ముందుగా గంటకు 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, కదలిక ఒంటబట్టిన తర్వాతే 40కి, ఆపైన 50కి వెళ్లాలి.

ముందు బ్రేకు అంటే చాలామందికి భయం. ముందు బ్రేకు వేస్తే బండి తలకిందులవుతుందనే మాట తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. అసలు జరిగేది గమనిస్తే ఆ భయానికి కారణమూ దానికి విరుగుడూ రెండూ తెలుస్తాయి. బ్రేకు పడగానే బండి బరువు ముందుకు జరిగి ముందు టైరు మీద పడుతుంది. ఆ బరువు వల్ల టైరు రోడ్డును మరింత గట్టిగా అదుముకుని, మొదట్లో తనకు లేని పట్టును సంపాదించుకుంటుంది. బరువు చేరక ముందే లివర్‌ను ఒక్కసారిగా గుంజితే చక్రం లాక్ అయి, అంటే తిరగడం ఆగిపోయి, బండి పడుతుంది. చేరిన తర్వాత నొక్కితే అదే టైరు ఆశ్చర్యపరిచేంత బలాన్ని భరిస్తుంది. వెనుక చక్రం మీద మిగిలే బరువు తక్కువ కాబట్టి ఆపే పనిలో అధిక భాగం ముందు బ్రేకుదే.

అందువల్ల లివర్ నొక్కడాన్ని రెండు అంచెలుగా నేర్చుకోవాలి. మొదటి అంచెలో వేళ్లతో లివర్‌లోని వదులును తీసేసి, బ్రేకు పట్టడం మొదలైందని తెలిసేంత మేరకే నొక్కాలి. అప్పుడు ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే, స్ప్రింగులున్న గొట్టాల జత) కిందికి దిగుతుంది, ఒంటి బరువు అరచేతుల మీదికి వస్తుంది. ఫోర్కు దిగడం ఆగిందని చేతికి తెలిసిన వెంటనే రెండో అంచెలో లివర్‌ను అంతకంతకూ గట్టిగా బిగించాలి. ఇదంతా సెకనులో ఒక భాగంలో జరిగిపోయే పనే అయినా, మొదట్లో కావాలని నిదానంగా చేసి, ఆ రెండు అంచెల మధ్య తేడాను వేళ్లతో గుర్తుపట్టాలి. నిమ్మకాయను పిండినట్టు బలం క్రమంగా పెరగాలి, ఎక్కడా కుదుపు ఉండకూడదు. మోకాళ్లతో పెట్రోలు ట్యాంకును గట్టిగా అదిమి పట్టుకుంటే ఒంటి బరువు హ్యాండిల్ మీద పడకుండా ఉంటుంది. చూపు దూరంగా, నేరుగా ఉండాలి. చక్రం వైపు చూసినవారి బండి ఆగే చివరి క్షణంలో పక్కకు ఒరుగుతుంది.

ముందు బ్రేకుతో పాటే వెనుక బ్రేకును మృదువుగా తొక్కి, బండి ముందుకు వంగే కొద్దీ పాదం మీది ఒత్తిడిని తగ్గించాలి. అదే సమయంలో క్లచ్ పూర్తిగా పట్టి, బండి ఆగేలోపు గేర్లు తగ్గిస్తూ మొదటి గేరుకు రావాలి. ఇది కేవలం క్రమశిక్షణ కోసం చెప్పే మాట కాదు. అత్యవసరంగా ఆగిన మనిషికి వెంటనే ఎదురయ్యే రెండో ఆపద వెనుక నుంచి వచ్చే వాహనం. నాలుగో గేరులో ఆగిపోయిన బండితో దాని దారి నుంచి తప్పుకోవడం కష్టం. అందుకే ప్రతి సాధన స్టాపు చివరా అద్దంలోకి చూడటం, అవసరమైతే కదలడానికి సిద్ధంగా ఉండటం కూడా ఆ కదలికలో భాగంగానే నేర్చుకోవాలి.

ముందు చక్రం లాక్ అయితే టైరు కీచుమనే శబ్దం రావచ్చు, హ్యాండిల్ చేతిలో తేలికైపోయినట్టు అనిపిస్తుంది. వెంటనే లివర్‌ను వదిలి, చక్రం తిరగడం మొదలవగానే మళ్లీ మృదువుగా నొక్కాలి. వెనుక చక్రం లాక్ అయినప్పుడు బండి తిన్నగానే ఉంటే పాదం ఒత్తిడిని తగ్గించవచ్చు. అయితే వెనుక భాగం అప్పటికే ఒక పక్కకు బాగా జరిగిపోయి ఉంటే పెడల్‌ను ఒక్కసారిగా వదలకూడదు. అలా వదిలితే టైరుకు హఠాత్తుగా పట్టు దొరికి బండి మనిషిని ఎగరేసి పడేస్తుంది. అలాంటప్పుడు చూపు ముందుకే ఉంచి, ఆగేంత వరకు తొక్కి ఉంచడమే మేలు.

బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం లాక్ కాకుండా చూసే వ్యవస్థ) ఉంటే దాన్ని ఒకసారి పనిచేయించి చూడకుండా రోడ్డు మీద దాని మీద ఆధారపడకూడదు. వెనుక చక్రానికి కూడా ఏబీఎస్ ఉన్న బండిలో, 30 కిలోమీటర్ల వేగంతో తిన్నగా వెళ్తూ వెనుక బ్రేకును గట్టిగా తొక్కితే పాదం కింద టకటకమని అదురు తెలుస్తుంది. ఆ అదురును మొదటిసారి అసలు ఆపదలో చూసినవారు ఏదో విరిగిపోయిందనుకుని బ్రేకు వదిలేస్తారు. అదురు వచ్చినా నొక్కి ఉంచడమే నేర్చుకోవలసిన పని. వంపులో ఉన్న బండిని సాధారణ ఏబీఎస్ పూర్తిగా కాపాడలేదు. ఆ పనికి వంపు కోణాన్ని కూడా లెక్కించే ప్రత్యేక వ్యవస్థ ఉండాలి.

స్కూటర్ నడిపేవారికి ఇందులో కొన్ని తేడాలు ఉంటాయి. ఆటోమేటిక్ స్కూటర్‌లో క్లచ్, గేర్ల పని లేదు, రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి, మోకాళ్లతో పట్టుకోవడానికి ట్యాంకు ఉండదు. అందువల్ల పాదాలను ఫుట్‌బోర్డు మీద ముందుకు ఆనించి, ఒంటి బరువును వాటి మీదే ఆపుకోవాలి. రెండు బ్రేకులూ కలిసి పనిచేసే బండిలో కూడా కుడి చేతి లివర్‌ను, అంటే ముందు బ్రేకును, విడిగా నొక్కే సాధన మానకూడదు.

కొంత చేయి తిరిగిన తర్వాత ఒక స్నేహితుణ్ణి దూరంగా, బండి దారికి పక్కన, భద్రమైన చోట నిలబెట్టి, తనకు నచ్చిన క్షణంలో చేయి ఎత్తమనాలి. ఎక్కడ ఆగాలో ముందే తెలిసినప్పుడు ఆగడానికీ, తెలియనప్పుడు ఆగడానికీ ఎంత తేడా ఉందో మొదటి ప్రయత్నంలోనే బయటపడుతుంది.

దూరం లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. పొడి రోడ్డు మీద, ప్రతి సెకనుకూ సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గించగల చేయి ఉందనుకుంటే, బ్రేకు పట్టాక ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పడితే ఆ 17 మీటర్లు కూడా కలిపి మొత్తం 37 మీటర్లవుతుంది. అదే నేర్పుతో 50 కిలోమీటర్ల వేగంలో వెళ్లే బండి 28 మీటర్లలోనే ఆగిపోతుంది. ఆ బండి పూర్తిగా ఆగిన చోటికి 60లో వచ్చిన బండి చేరేసరికి దాని వేగం ఇంకా గంటకు 40 కిలోమీటర్లు ఉంటుంది. ఒకటి ఆగిపోగా, మరొకటి 40లో గుద్దుకుంటుంది. స్పీడోమీటర్ మీద ఆ రెండు బండ్ల మధ్య తేడా 10 కిలోమీటర్లే. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగు రెట్లవుతుందన్నది పాఠ్యపుస్తకంలో అందరూ చదివిన సూత్రమే, హ్యాండిల్ పట్టుకున్నాక ఎవరికీ గుర్తుండదు.

ఈ లెక్కలో సాధనతో తగ్గించగలిగినవి రెండు: బ్రేకు దూరం, స్పందించే సమయం. మొదటిదానికి ఖాళీ స్థలం చాలు. రెండోదాన్ని రోడ్డు మీదే తగ్గించుకోవాలి. వేళ్లు ముందుగానే లివర్ మీద ఆనించి ఉంటే సెకనులో కొంత భాగం ఆదా అవుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో అర సెకను అంటే 8 మీటర్లు, అంటే దాదాపు రెండు కార్ల పొడవు.

రోడ్డు మీద మొదటి దశ

ఖాళీ స్థలంలో కుదిరిన పనిని అసలు రోడ్డు మీద పరీక్షించుకోవడానికి చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి. రెండు వైపులా చాలా దూరం కనిపించే తిన్నని రోడ్డు, కూడళ్లూ పక్కదారులూ లేని భాగం, పగటి వెలుగు, పొడి వాతావరణం ఉండాలి. అదే భాగాన్ని ముందు ఒకసారి నిదానంగా నడిపి, గుంతలు, అతుకులు, ఇసుక చేరిన చోట్లు, రోడ్డు ఏ వైపుకు వాలి ఉందో చూసుకోవాలి. చాలా రోడ్లు మధ్యలో కాస్త ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉంటాయి. ఖాళీ స్థలంలో తిన్నగా ఆగిన బండి ఇక్కడ అంచు వైపుకు లాగడం గమనించవచ్చు. ఇలాంటి తేడాలను చేతికి పరిచయం చేయడమే అసలు రోడ్డు మీదికి రావడంలోని ప్రయోజనం.

ప్రతిసారీ ముందు అద్దాలు చూసి, తల తిప్పి వెనక్కి చూసి, కనుచూపు మేరలో ఏ వాహనమూ లేదని నిర్ధారించుకున్న తర్వాతే బ్రేకు వేయాలి. 40 కిలోమీటర్ల వేగం దాటకుండా, తన పూర్తి బలంలో నాలుగింట మూడు వంతులకు మించకుండా కొన్ని స్టాపులు చేస్తే చాలు. ఆగిన వెంటనే కదిలి వెళ్లిపోవాలి. రోడ్డు మధ్యలో ఆగి ఎంత దూరంలో ఆగామో లెక్క చూసుకోవడం మరో ప్రమాదాన్ని పిలవడమే. చక్రాన్ని లాక్ చేసి చూడటం, పట్టు తప్పే అంచు దాకా వెళ్లి చూడటం వంటివి ఇక్కడ అసలు వద్దు. వెనుక మరో వాహనం కనిపించగానే, అది ఎంత దూరంలో ఉన్నా, ఆ ప్రయత్నం మానేసి మామూలుగా సాగిపోవాలి.

రోజువారీ ప్రయాణమే సాధన

ఇక్కడి నుంచి సాధనకు ప్రత్యేకంగా సమయం కేటాయించనక్కరలేదు. సిగ్నల్ దగ్గరైనా, ఇంటి ముందైనా ఆగే ప్రతిసారీ అదే వరుస: రెండు అంచెల ముందు బ్రేకు, మృదువుగా వెనుక బ్రేకు, క్లచ్, గేర్లు తగ్గించడం, అద్దం. బలం తక్కువ, వరుస మాత్రం అదే. ఆగవలసిన చోట తెల్ల గీత ఉంటే ముందు చక్రం సరిగ్గా దాని ముందు ఆగేలా చూసుకోవడం మంచి కొలమానం, ఎందుకంటే చివరి రెండు మీటర్లలో బ్రేకు బలాన్ని సవరించే చేయికి మొత్తం బ్రేకు మీద పట్టు వచ్చినట్టే. చిత్రమేమిటంటే, ఇలా నెమ్మదిగా ఆగడం నేర్చినవారే గట్టిగా ఆగడంలోనూ ముందుంటారు.

పక్కదారి నోటిలో ఒక కారు ఆగి ఉందనుకుందాం. డ్రైవరు మన వైపే చూస్తున్నాడు కాబట్టి మనల్ని చూశాడని అనుకోవడం సహజం. ఆ ముఖాన్ని నమ్మకూడదు. కారు ముందు చక్రాన్ని చూడాలి. కారు కదలడం మొదలైనప్పుడు దాని ఒంటి కదలిక కంటికి అంత త్వరగా తెలియదు గాని, చక్రం మధ్యలోని నట్లు, రిమ్ము మీది గీతలు తిరగడం మాత్రం వెంటనే కనిపిస్తుంది. అలాంటి కారు కనిపించగానే రెండు వేళ్లు లివర్ మీదికి వెళ్లాలి, యాక్సిలరేటర్ కాస్త తగ్గాలి, బండి తన వరుసలోనే కారుకు దూరంగా ఉండే వైపుకు జరగాలి. ఇలా అడ్డంగా జరగడం వల్ల కారులోని మనిషికి కూడా మనం కదులుతున్నట్టు తెలుస్తుంది. నేరుగా ఎదురు వచ్చే సన్నని బండి అతనికి చాలాసేపు ఒకే చోట ఉన్నట్టు అనిపిస్తుంది. ఎదురుగా వచ్చే వాహనం మన ముందు నుంచి అడ్డంగా తిరగబోతున్నప్పుడూ ఇదే పద్ధతి. ఆ కారు కదలకపోతే పోయేది ఏమీ లేదు. ఒక స్టాపు సాధనలో మొదటి సగం పూర్తయినట్టు లెక్క.

ముందు వాహనానికీ మనకూ మధ్య కనీసం 2 సెకన్ల, వీలైతే 3 సెకన్ల దూరం ఉండాలి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటినప్పటి నుంచి మనం అదే స్తంభాన్ని చేరేవరకు లెక్కపెడితే ఆ దూరం తెలుస్తుంది. ఆ దూరం ఉంచితే మధ్యలోకి వేరే బండ్లు దూరతాయని అభ్యంతరం చెబుతారు. దూరతాయి, నిజమే, దూరిన ప్రతిసారీ మళ్లీ వెనక్కి తగ్గడమే. ప్రయాణం మొత్తం మీద దాని వల్ల నష్టపోయేది కొన్ని సెకన్లు.

పక్కకు తప్పుకోవడం

బండిని వేగంగా పక్కకు తిప్పాలంటే ఎటు వెళ్లాలో అటు వైపు హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. కుడికి వెళ్లాలంటే కుడి చేతితో కుడి హ్యాండిల్‌ను ముందుకు నెడితే, చక్రం క్షణకాలం ఎడమకు తిరిగి బండి కుడికి వాలుతుంది. నడక వేగం దాటిన ప్రతి రెండు చక్రాల బండీ ఇలాగే తిరుగుతుంది. నడిపేవారు తెలియకుండానే ఆ పని చేస్తుంటారు. విమానం కంటే ముందు సైకిళ్లతో పనిచేసిన విల్బర్ రైట్, ఎడమకు ఎలా తిరుగుతారని ఎంతోమంది సైకిల్ తొక్కేవారిని అడిగితే, అడగగానే సరిగ్గా చెప్పినవారు ఒక్కరూ లేరని గమనించాడు. మామూలు రోజుల్లో తెలియకపోయినా నడిచిపోతుంది. ఆపదలో మాత్రం తెలియని చేయి హ్యాండిల్‌ను వెళ్లవలసిన వైపుకే తిప్పబోతుంది, బండి అడ్డంకి వైపే వాలుతుంది.

ఖాళీ స్థలంలో 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ సుద్ద గుర్తు దగ్గర ఒక వైపు నెట్టి, వెంటనే రెండో వైపు నెట్టి, బండిని మళ్లీ తిన్నగా చేసుకోవాలి. నడుము పైభాగం నిటారుగానే ఉండాలి, బండి మాత్రమే కింద అటూ ఇటూ వాలాలి. ఆ సమయంలో బ్రేకు వేయకూడదు. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని ఆపడానికైనా తిప్పడానికైనా వాడుకోవచ్చు గాని, రెండింటికీ పూర్తిగా వాడితే జారిపోతుంది. మొదట బ్రేకు వేసి, దాన్ని వదిలి, ఆ తర్వాత తప్పుకోవాలి, లేదా తప్పుకుని బండి తిన్నగా అయ్యాక బ్రేకు వేయాలి. చూపు అడ్డంకి మీద ఉండకూడదు. గుంతను చూస్తూ గుంతలోకే వెళ్లిన అనుభవం బండి నడిపే అందరికీ ఉంటుంది. కళ్లు ఎటు ఉంటే చేతులు అటే పోతాయి. ఖాళీగా ఉన్న దారినే చూడాలి.

రోడ్డు మీద దీనికి చాలా తేలికైన రూపం ఉంది. వాహనాలు లేనప్పుడు రోడ్డు మీద కనిపించే మరకనో, మ్యాన్‌హోల్ మూతనో అడ్డంకిగా ఊహించుకుని, మన వరుస దాటకుండా, చిన్నగా నెట్టి దాని పక్క నుంచి పోవాలి. అంతకంటే పెద్ద కదలిక రోడ్డు మీద అక్కర్లేదు. దానికంటే ముఖ్యమైనది, పక్కన ఖాళీ ఉందో లేదో ఎప్పుడూ తెలిసి ఉండటం. తప్పుకునే నేర్పు ఎంత ఉన్నా, పక్కన మరో బండి ఉందో లేదో తెలియని మనిషికి అది పనికిరాదు. కొన్ని సెకన్లకోసారి అద్దాలు చూస్తూ, ముందున్న వాహనం ఇప్పుడే ఆగితే ఎటు వెళ్లగలనని తనను తాను ప్రశ్నించుకోవాలి. ఎటూ దారి లేదని తేలితే అప్పుడే వేగం తగ్గించి చోటు సంపాదించుకోవాలి. అనుమానం ఉన్నప్పుడు బ్రేకే మొదటి దారి. పక్కన చోటు ఖాళీగా ఉందని ఖాయంగా తెలిసినప్పుడే రెండోది.

మలుపులు, చెడిన రోడ్డు, వాన, చీకటి

మలుపులో అడ్డంకి ఎదురైతే, చోటు ఉన్నప్పుడు మొదట బండిని నిటారుగా చేసి, తిన్నగా బ్రేకు వేయాలి. చోటు లేకపోతే వాలులోనే మృదువుగా మొదలుపెట్టి, వేగం తగ్గి బండి నిటారయ్యే కొద్దీ బలం పెంచాలి. వేగం ఎక్కువై బండి బయటికి పోతున్నట్టు అనిపించినప్పుడు చాలామంది భయంతో బిగుసుకుపోయి రోడ్డు అంచును చూస్తారు, బండి అక్కడికే పోతుంది. మలుపు చివరి వైపు తల తిప్పి, లోపలి హ్యాండిల్‌ను ఇంకాస్త నెట్టాలి. మామూలు టైర్లకు, రోడ్డు పొడిగా ఉన్నంత వరకు, నడిపేవారు వాడుకునే దానికంటే ఎక్కువ వాలే శక్తి సాధారణంగా మిగిలే ఉంటుంది. రోజూ చేయవలసిన సాధన ఒక్కటే: బ్రేకు పనంతా మలుపులోకి దిగక ముందే ముగించడం, తల ముందుగా తిప్పడం.

తప్పించలేని గుంత గాని, రోడ్డు మీద పడిన కట్టె గాని ఎదురైతే, దానికి అడ్డంగా, అంటే లంబ కోణంలో వెళ్లాలి. చక్రం తగలకముందే బ్రేకు వదిలేయాలి, లేకపోతే అప్పటికే దిగిపోయిన ఫోర్కుకు దెబ్బను తీసుకునే చోటు మిగలదు. ఫుట్‌రెస్టుల మీద కొద్దిగా లేచి, మోకాళ్లూ మోచేతులూ వంచి ఉంచాలి. ఈ లేచి నిలబడే పనిని ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నిదానంగా సాధన చేయవచ్చు. కంకర, ఇసుక మీద హ్యాండిల్ తిప్పకుండా, ముందు బ్రేకు ముట్టకుండా, స్థిరమైన వేగంతో దాటిపోవాలి. బ్రేకు అవసరమైతే దానికి ముందే వేయాలి. రైలు పట్టాలను కూడా వీలైనంత అడ్డంగా దాటాలి.

వాన మొదలైన తొలి నిమిషాలు అన్నింటికంటే ప్రమాదకరం, ఎందుకంటే రోడ్డు మీది నూనె, దుమ్ము నీటితో కలిసి జిడ్డుగా పైకి తేలుతాయి. తెల్లని పెయింటు గీతలు, ఇనుప మూతలు, రాలిన ఆకులు తడిసినప్పుడు గాజులా జారతాయి. వానలో సాధన అంటే తెలిసిన రోడ్డు మీద, తక్కువ వేగంలో, సగం బలంతో అవే రెండు అంచెలు చేసి, పట్టు ఎంత తగ్గిందో వేళ్లతో తెలుసుకోవడం. డిస్కులు తడిసినప్పుడు మొదటి క్షణంలో బ్రేకు ఆలస్యంగా పట్టవచ్చు కాబట్టి, అప్పుడప్పుడు లివర్‌ను తేలికగా తాకించి ఆరబెట్టుకోవాలి. చీకట్లో లెక్క వేరు. ముందు చెప్పిన కొలతల ప్రకారం 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి మొత్తం 57 మీటర్ల పైనే కావాలి. లైటు డిమ్‌లో ఉన్నప్పుడు రోడ్డు అంత దూరం స్పష్టంగా కనిపించని బండ్లు ఎన్నో ఉన్నాయి. లైటు వెలుగు అంచులో కనిపించిన ఒక గుర్తును ఎంచుకుని, దాన్ని చేరేలోపు ఆగగలమా అని అంచనా వేసుకోవడం రాత్రి సాధన. ఆగలేమనిపిస్తే వేగం తగ్గించాలి, దానికి వేరే మందు లేదు.

బండే మొరాయించినప్పుడు

యాక్సిలరేటర్ ఇరుక్కుపోతే వెంటనే క్లచ్ పట్టి, ఇంజనును ఆపేసే కిల్ స్విచ్ నొక్కాలి. ఆ స్విచ్ ఎక్కడుందో తెలిసి ఉండటం ఒకటి, చూడకుండా బొటనవేలు దాన్ని చేరడం ఇంకొకటి. బండి స్టాండు మీద ఉన్నప్పుడు కళ్లు మూసుకుని నొక్కడం, రోజూ ఇంజను ఆపేటప్పుడు తాళం చెవికి బదులు ముందు ఆ స్విచ్‌నే వాడి, ఆ తర్వాత తాళం తీయడం అలవాటు చేసుకుంటే చాలు.

హ్యాండిల్ ఒక్కసారిగా అటూ ఇటూ వణకడం మొదలైతే దాన్ని బలవంతంగా ఆపబోకూడదు. పట్టును సడలించి, ఒంటిని కాస్త ముందుకు వంచి, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తగ్గించాలి. బ్రేకు వేస్తే వణుకు పెరుగుతుంది. నడుస్తుండగా టైరులో గాలి పోతే హ్యాండిల్‌ను తిన్నగా పట్టుకుని వేగాన్ని దానంతట అదే తగ్గనివ్వాలి. బ్రేకు తప్పనిసరైతే గాలి ఉన్న చక్రానిదే, అదీ మెల్లగా వాడాలి. వీటిని రోడ్డు మీద సాధన చేయడం కుదరదు కాబట్టి, వరుసను నోటితో చెప్పుకుంటూ నిలిపి ఉన్న బండి మీద చేతులతో చేసి చూడటమే దారి.

వెనుక మనిషి ఉన్నప్పుడు

వెనుక ఒకరు కూర్చుంటే బండి బరువు, దాని సమతౌల్యం మారిపోతాయి. వెనుక చక్రం మీద బరువు పెరిగి, వెనుక బ్రేకు మరింత పనికొస్తుంది. బ్రేకు పడినప్పుడు వెనుక మనిషి ముందుకు జారి నడిపేవారిని నెడతారు. ఒంటరిగా చేసిన సాధన పూర్తిగా ఒంటబట్టిన తర్వాత, ఇష్టపడి వచ్చిన పెద్ద మనిషిని వెనుక కూర్చోబెట్టుకుని, ఖాళీ స్థలంలో, ముందే చెప్పి, తక్కువ వేగంలో కొన్ని స్టాపులు చేసి చూడాలి. పిల్లలను ఎక్కించుకుని ఈ పని చేయకూడదు.

ఖాళీ స్థలంలోని పూర్తి బలపు సాధనను నెలకొకసారైనా కొనసాగిస్తే మంచిది. చాలా రోజులు బండి తీయకుండా ఉన్న తర్వాత, కొత్త బండికి మారినప్పుడు, బ్రేకు ప్యాడ్లు మార్పించినప్పుడు మళ్లీ 20 కిలోమీటర్ల వేగం నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే లివర్ ఎంత దూరంలో పడుతుందో, ఫోర్కు ఎంత దిగుతుందో బండి బండికీ వేరు. కొత్త ప్యాడ్లు డిస్కుకు పూర్తిగా ఒదిగేవరకు బ్రేకు బలం తక్కువగానే ఉంటుంది. కొత్త టైర్ల పైపొర నునుపుగా ఉండి మొదట్లో జారుతుంది. దాదాపు మొదటి 150 కిలోమీటర్ల వరకు గట్టి బ్రేకులు, లోతైన వాలులు మానుకుని, ఆ తర్వాత సుద్ద గీత దగ్గరికి మళ్లీ వెళ్లాలి.